ఇంటిమీది ఏరియలు, దాని తీగ

విద్యార్థులారా! సాయంకాలమున మేడమీది కెక్కి నలుదెసలు పరికించి చూడుడు. చాల యిండ్ల కప్పులమీద పళ్లెము వంటి సాధన మొకటి యాకాశమువైపు ముఖమెత్తి యుండుట మీకు కనబడును. దానినుండి నల్లని తీగ యొకటి గోడవెంబడి దిగి, కిటికీ సందుగుండ నింటిలోనికి పోవుచుండును. లోపలి టెలివిజను వెల యెంతయో, దాని తెర యెంత వెడల్పో యిరుగుపొరుగువారందఱికిని తెలియును. కాని మీది పళ్లెమును ఎట్లు బిగించిరో, ఆ తీగ యెట్టిదో, దాని యతుకులెక్కడ నున్నవో యింటి యజమానునకే తెలియదు. పెట్టెకు వేలకొలది రూపాయలు వెచ్చించినవారు మంచి తీగకును, మంచి బోల్టునకును నూఱు రూపాయలు వెచ్చించుటకు వెనుదీయుచుందురు. ఈ యజ్ఞానమువలన బొమ్మ చెడుటయే కాదు, ఒక్కొకప్పుడు ప్రాణమునకే ముప్పు కలుగును. కావున ఈ విషయమును గూర్చి కొంత వివరింప నుద్దేశించితిని.

ఇతరులను దూషించుటకు ముందు నా తప్పునే చెప్పుకొందును. కొన్ని సంవత్సరములక్రిందట వేసవికాలమున మా యింటిమీద డిష్షు నమర్పించితిని. వచ్చినవాడు గంటలోపల పని ముగించి, కూలి పుచ్చుకొని పోయెను. బొమ్మ చక్కగా వచ్చినది గనుక నేనును తృప్తిపొందితిని. మేడమీదికెక్కి చూడనైన చూడలేదు. తొలకరి వానలు పడినంతనే బొమ్మ ముక్కముక్కలై నిలిచిపోవసాగెను. పెట్టె చెడినదని తలంచి దానిని మార్పించితిని, ఫలము లేకపోయెను. ఒకనాటి సాయంకాలము చినుకులు పడుచుండగా మా చిన్నవాడు నాతో చెప్పకయే మేడమీదికెక్కి, డిష్షును త్రిప్పి సరిచేయ ప్రయత్నించుచుండెను. నేను వాకిట నుండి తలయెత్తి చూచితిని. వాని చేతికిని, వీధి కరెంటు తీగకును నడుమ బారెడు దూరమైనను లేదు. నా గుండె ఝల్లుమన్నది. కేకవేసిన యెడల వాడు బెదరి కాలుజాఱునేమో యను భయముచేత మెల్లగా మెట్లెక్కి వానిని చేయిపట్టి దింపితిని. ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. డిష్షును ఆ చోట బిగించినది కూలివాడే యైనను, చూడకుండ డబ్బిచ్చినవాడను నేనే కదా!

మఱునాడు నాయొద్ద పూర్వము చదివి, ఇప్పుడీ పనిచేయుచున్న శిష్యు నొకనిని పిలిపించితిని. అతడు తీగవెంట నడచి చూచి, చూరుక్రింద టేపు చుట్టియున్న యతుకును విప్పెను. లోపలి రాగి పచ్చని చిలుముపట్టి యుండెను. వేలితో నొక్కగా నీటిబొట్టు రాలెను. “మాస్టారూ, పెట్టెలో దోషమేమియు లేదండి. తప్పంతయు నిక్కడనే యున్నది” అని చెప్పెను. ఆ నీటిబొట్టు నాకు గొప్ప పాఠమైనది. ఆ పాఠమునే యిప్పుడు మీకు క్రమముగా చెప్పెదను.

ఏరియలు చేయు పని యేమి? ఆకాశమున వ్యాపించు విద్యుదయస్కాంత తరంగములు లోహపు కడ్డీని తాకినప్పుడు దానియందు అతిస్వల్పమైన విద్యుత్ప్రవాహము పుట్టును. కడ్డీ పొడవు తరంగదైర్ఘ్యములో సగమైనచో ఆ ప్రవాహము బలముగా నుండును. సెకనునకు 20 కోట్ల కంపనములుగల తరంగము యొక్క పొడవు ఒకటిన్నర మీటరు. కావున దానిని పట్టు కడ్డీ సుమారు 75 సెంటీమీటర్లుండును. పూర్వము మన యిండ్లపై చేప యెముకవలె నుండిన ఏరియలును పెద్దలెఱుగుదురు. జపానుదేశమందలి తొహోకు విశ్వవిద్యాలయమున షింటారో ఉడా, హిడెట్సుగు యాగి యను పండితులు 1926 ప్రాంతమున దానిని కనుగొనిరి. అందు ఒక కడ్డీ మాత్రమే తీగకు కలుపబడును. వెనుకనున్నది తరంగమును ముందునకు త్రిప్పును. ముందునున్నవి దారి చూపును.

మన దేశమున టెలివిజను ప్రసారము ప్రయోగరూపమున 1959 సెప్టెంబరు 15న ఢిల్లీయందు మొదలైనది. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో ప్రారంభింపబడినది. కాని యంతకు ముందే, 1975 ఆగస్టు మొదలు 1976 జులై వఱకు, అమెరికావారి ఏ.టి.ఎస్-6 యను ఉపగ్రహము ద్వారా ఆఱు రాష్ట్రములందలి 2,400 గ్రామములకు బొమ్మలు పంపబడినవి. ఆ గ్రామములలో తెలుగు గ్రామములును కలవు. కోళ్లగూటికి వాడు వలవంటి యినుపవలతో చేసిన మూడు మీటర్ల పళ్లెములే నాటి ఏరియళ్లు. పట్టణమున లేనిది పల్లెటూరికి ముందు వచ్చుట అరుదైన సంగతి గదా! నేలమీది పాత ప్రసార స్తంభములలో చాలవఱకు 2022 నాటికి ఆపివేయబడుటచేత నేడు మన కప్పులపై చేపముల్లుకు బదులు పళ్లెమే కనబడుచున్నది.

ఈ పళ్లెము చూచు ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భూమితో సమానముగా తిరుగుచు, ఒక్కచోటనే యున్నట్లు తోచును. దూరదర్శన్ వారి ఉచిత ప్రసారము 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమునందలి ఉపగ్రహమునుండి వచ్చును. మన తెలుగుదేశపు నడుమనుండి చూచినచో అది ఆగ్నేయదిశగా, నేలకు సుమారు 65 డిగ్రీల యెత్తున నుండును. కావున ఆగ్నేయమున కొబ్బరిచెట్టో, పొరుగువారి మేడయో అడ్డముగా నున్నచో నెంత మంచి పెట్టెయు పనికిరాదు. చెట్టు నేడు చిన్నదైనను రెండేండ్లలో పెరుగునని యిపుడే యోచింపవలయును.

ఈ తరంగముల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అరవై సెంటీమీటర్ల పళ్లెము వీనిని మూడు డిగ్రీల సన్నని దారిలోనే చక్కగా పట్టగలదు. ఒకటిన్నర డిగ్రీ ప్రక్కకు తొలగినచో బలము సగమగును. లెక్కవేసి చూడుడు: పళ్లెపు అంచు తన స్థానమునుండి ఎనిమిది మిల్లీమీటర్లు కదలిన చాలును, ఒకటిన్నర డిగ్రీ తొలగును! బోల్టు ఒక్కటి వదులైనను గాలికి ఈ మాత్రపు కదలిక కలుగుట కష్టము కాదు. కావున పళ్లెమును నిలుపు గొట్టము నిట్టనిలువుగా నుండవలెను. దానిని గోడకు పట్టించు బోల్టులు గార పూతలోనే గాక లోపలి యిటుకలోనికో, కాంక్రీటులోనికో దిగవలెను.

గాలి బలమును గూర్చి మన తీరవాసులకు చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమును హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు కప్పులమీది సాధనము లేమైనవో చూచినవారు మనలో ననేకులు కలరు. గాలివేగము రెండింతలైనచో దాని త్రోపు నాలుగింత లగును. గంటకు 90 కిలోమీటర్ల గాలి అరవై సెంటీమీటర్ల పళ్లెమును సుమారు పది కిలోల బరువుతో త్రోయును; 180 కిలోమీటర్లైనచో నలుబది కిలోలకు మించును. మేకులకు కట్టిన పళ్లెము అప్పుడు కత్తివలె వీధిలోనికెగిరి పోవును. తుపాను హెచ్చరిక వచ్చిన వెంటనే, గాలి మొదలు కాకమునుపే, పళ్లెమును విప్పి లోపల పెట్టుకొనుట మేలు. గాలి లేచిన పిమ్మట మాత్రము దానిని విప్పుటకు మేడ యెక్కరాదు.

ఇక తీగ సంగతి. పళ్లెము ముందరి చేతిమీద నున్న చిన్న డబ్బాను ఎల్.ఎన్.బి. యందురు. అది ఆకాశమునుండి వచ్చిన అతివేగపు కంపనములను తగ్గించి, సెకనునకు 95 కోట్లు మొదలు 215 కోట్ల వఱకుగల కంపనములుగా మార్చి తీగలోనికి పంపును. అది పనిచేయుటకు వలయు 13 లేక 18 వోల్టుల విద్యుత్తు కూడ లోపలి పెట్టెనుండి ఆ తీగ ద్వారానే పైకి పోవును. అనగా నొకే దారిని మీదనుండి బొమ్మయు, క్రిందనుండి శక్తియు నడచుచున్నవన్న మాట. అట్టి దారి చెడినచో రెండును చెడును.

ఈ తీగను కోసి చూచినచో నాలుగు పొరలు కనబడును. నడుమ నొక గట్టి రాగి తీగ. దానిచుట్టు తెల్లని నురుగువంటి పదార్థము. దానిపై అల్యూమినియపు రేకును, సన్నని తీగల జడయు. అన్నిటిపైన నల్లని తొడుగు. నడిమి తీగ బొమ్మను మోయును. రేకును జడయు బయటి గోలను లోపలికి రానీయక కోటగోడవలె కాపాడును. ఈ రెంటి నడుమ దూరము తీగ పొడవునను సమానముగా నుండవలెను. అట్లుండినప్పుడే దాని స్వభావము 75 ఓములుగా నిలుచును. మేకు కొట్టి నొక్కినచోటను, కిటికీ తలుపు క్రింద నలిగినచోటను, మూలలయందు మడిచిన చోటను ఆ దూరము మాఱును. అచ్చట తరంగములో కొంత భాగము గోడకు కొట్టిన బంతివలె వెనుకకు మరలును. అందుచేత తీగను వంచునపుడు అరచేతి వెడల్పున కంటె చిన్న వంపు చేయరాదు.

పాత ప్రసారములో నిట్లు మరలిన తరంగము, లేదా కొండకు తగిలి చుట్టుతిరిగి వచ్చినది, తెరపై నసలు బొమ్మ ప్రక్కన నీడబొమ్మగా కనబడెడిది. తరంగము మూడువందల మీటర్లు అధికముగా తిరిగివచ్చినచో, 52 సెంటీమీటర్ల వెడల్పుగల తెరపై నీడబొమ్మ ఒక సెంటీమీటరు కుడివైపునకు జరిగి నిలిచెడిది. ఆ నీడను చూచి లోపమును కనిపెట్టుటకు వీలుండెను. నేటి అంకెల ప్రసారమున కట్టి హెచ్చరిక లేదు. బలము తఱుగుచున్నను బొమ్మ కొంతవఱకు నిర్దోషముగానే యుండి, ఒక హద్దు దాటినంతనే పూర్తిగా పడిపోవును. కావుననే “బొమ్మ బాగున్నది గదా!” యను మాట నమ్మదగినది కాదు. నిర్మలమైన వేసవి యాకాశమున హద్దు నంటియున్న బొమ్మ, వానచినుకులు తరంగమును కొంత మ్రింగినప్పుడు నిలువజాలదు. గొప్ప వర్షము వచ్చినప్పుడు కొన్ని నిమిషములు బొమ్మ పోవుట సహజమే. చిఱుజల్లుకే పోవుచున్నచో పనియందు లోపమున్నదని తెలిసికొనవలెను. బలము పరీక్షించుటకు పెట్టెలోనే కొలత చూపు పుట యుండును. బిగించు నాడే దానిని చూచి వ్రాసి యుంచుకొనుడు.

తీగలలో జాతిభేదములు కలవు. ఆర్.జి-6 యనబడు దాని నడిమి తీగ ఒక మిల్లీమీటరు లావుండును, ఆర్.జి-59 దానికంటె సన్నము. ముప్పది మీటర్ల మంచి ఆర్.జి-6 తీగలో సెకనునకు నూఱు కోట్ల కంపనములుగల తరంగము నడచునప్పుడు నాలుగవ వంతు మాత్రమే చివరకు చేరును. కంపనములు పెరిగిన కొలదియు నష్టము నెక్కువగును. సన్నని తీగయందింకను హెచ్చు. వెల తక్కువ తీగలలో నడుమ రాగికి బదులు రాగి పూసిన యుక్కు తీగయు, బయట పలుచని జడయు నుండును. తరంగము లోహపు పైపొరలోనే నడచును గనుక అట్టి తీగలోనను బొమ్మ వచ్చును, కాని ఎల్.ఎన్.బి.కి పోవు విద్యుత్తునకు ఉక్కు ఎక్కువ యడ్డు చెప్పును. తీగ దీర్ఘమైనచో నీ భేదము బయటపడును. కొనునపుడు ఒక మూర కోయించి, లోపల చూచి కొనుట బుద్ధిమంతుల లక్షణము.

తీగకన్న ముఖ్యమైనది దాని కొన. ఆ కొనకు తొడుగు మఱ కనెక్టరును సాధనముతో నొక్కి బిగించుట యొక పద్ధతి. చేతితో త్రిప్పి తొడుగుట మఱియొక పద్ధతి. రెండవది త్వరగా ముగియును, త్వరగానే వదులగును. జడలోని వెండ్రుకవంటి తీగ యొక్కటి నడిమి తీగను తాకినను విద్యుత్తు అడ్డదారి పట్టి యంతయు నిలిచిపోవును. ఇక నీటి సంగతి: దీపపు వత్తి నూనెను పీల్చునట్లు జడ నీటిని లోపలికి పీల్చుకొని మీటర్ల దూరము కొనిపోవును. నురుగులో నీరు చేరినచో తరంగము దానిలోనే హరించిపోవును. దీనికి రెండు ఉపాయములు. మేడమీది అతుకులకు నీటి నడ్డు రబ్బరు టేపును సాగదీసి చుట్టి, దానిపై సామాన్యమైన టేపును చుట్టవలెను. తీగ గోడలోనికి పోవుచోటను, ఎల్.ఎన్.బి. క్రిందను దానిని కొంచెము క్రిందికి వ్రేలాడునట్లు వంచి పిదప పైకి త్రిప్పవలెను. అప్పుడు తీగవెంట జాఱిన నీరు వంపు క్రిందనుండి నేలరాలును గాని లోపలికి పోదు. ఇందుకు జానెడు తీగ తప్ప మఱి యే ఖర్చును లేదు!

ఇక మిక్కిలి గంభీరమైన విషయము. మన దేశమున పిడుగుపాటుచే 2022లో 2,887 మంది మరణించినట్లు ప్రభుత్వ లెక్కలు చెప్పుచున్నవి. వారిలో ఎక్కువమంది పొలములలో నుండినవారే యైనను, ఇంటికప్పుపై నెత్తుగా నిలిచిన యినుప గొట్టము పిడుగునకు దారి చూపగలదు. దగ్గఱలో పడిన పిడుగు సైతము తీగద్వారా లోపలికి వచ్చి పెట్టెను కాల్చును. అందుచేత గొట్టమును, తీగ బయటి జడను భూమికి కలుపవలెను. ఇందుకై వాడు రాగి తీగ అడ్డుకొలత పదునాఱు చదరపు మిల్లీమీటర్లకు తగ్గరాదని అంతర్జాతీయ ప్రమాణము విధించుచున్నది. కప్పు అంచునకు రెండు మీటర్లకు పైగా క్రిందను, గోడకు ఒకటిన్నర మీటరులోపలను పళ్లెమును బిగించినచో ఈ నిబంధన వర్తింపదు. కనుక వీలున్న యెడల కప్పు కొనమీద గాక దక్షిణపు గోడకో తూర్పు గోడకో క్రిందుగా బిగించుట క్షేమము; ఆగ్నేయదిశ తెఱపియు నుండును. భూమికి కలిపినంతమాత్రాన నేరుగా తగిలిన పిడుగును ఆపజాలము. ఉరుములు వినబడినప్పుడు పెట్టెనుండి తీగను, గోడనుండి ప్లగ్గును తీసివేయవలెను. పిడుగులు పడుచుండగా వానిని ముట్టరాదు.

పిడుగు అరుదు, కరెంటు తీగ నిత్యము ప్రక్కనే యున్నది. నిలువు గొట్టము ఏ దిక్కున కొఱగినను కరెంటు తీగను తాకనంత దూరమున దానిని నాటవలయును. ఇనుప గొట్టము నెత్తుకొని నిలువబెట్టునప్పుడు అది తీగకు తగిలినచో, పట్టుకొన్నవాడు దానిని విడువనైన విడువలేడు. వీధి స్తంభముల వెంట వచ్చు కేబుల్ టీవీ తీగలును ఇట్టి ప్రమాదము కలవే. అవి సాగి, పై తొడుగు అరిగిన కరెంటు తీగపై బడినచో, లోపలి పెట్టె వెనుకనున్న మఱవఱకు ప్రాణాంతకమైన శక్తి రావచ్చును. తీగను ముట్టినప్పుడు చిమచిమలాడిన యెడల దానిని చిన్న సంగతిగా నెంచక వెంటనే విద్యుత్తును ఆపి, తెలిసినవారిని పిలిపింపవలెను.

ఇవన్నియు విని, పనివాండ్రందఱును మోసగాండ్రని తలంపరాదు. నా శిష్యుడు చెప్పిన మాట యొకటి మఱువరానిది. “మాస్టారూ, మాకు ఇంటికింత యని కూలి ఇత్తురండి, గంటకింత యని కాదు. రోజునకు ఆఱిండ్లు చేసినగాని మా యిల్లు గడవదు. ఎర్తు తీగ వేసెదనంటే ఆ ఖర్చెందుకని యింటివారే వలదందురు. వేసినదియు వేయనిదియు వారికొకటే, బొమ్మ వచ్చెనా యని యొక్కటే యడుగుదురు” అని యతడు నాతో చెప్పెను. ఆలోచించి చూడగా నిది సత్యమే. చూచువాడు లేని చోట మంచి పనికిని, చెడ్డ పనికిని ఒకే వెల పలుకుచున్నది. అట్టిచోట మంచి పనివాడు నష్టపడును, తొందరవాడు బాగుపడును. తప్పు చేతిదే కాదు, కంటిది కూడ.

కావున తల్లిదండ్రులకు నా మనవి. డబ్బిచ్చుటకు ముందు ఈ యైదు ప్రశ్న లడుగుడు. గొట్టమును పట్టి యూపినచో కదలుచున్నదా? మేడమీద మూయని యతుకు లున్నవా? తీగ లోపలికి పోవు చోట క్రిందికి వంపు కలదా? గొట్టము భూమికి కలుపబడినదా? కరెంటు తీగ ఎంత దూరమున నున్నది? సంతృప్తికరమైన సమాధానములు వచ్చినచో, చెప్పిన కూలికి మఱి కొంత చేర్చి యిండు. అది దానము కాదు, న్యాయమైన వెల.

విద్యార్థులకు నా యాజ్ఞ వేఱుగా నున్నది. భౌతికశాస్త్రమున మీరు చదువు తరంగము, ప్రతిఫలనము, విద్యుద్వాహకము మొదలగు మాటలు పరీక్షకొఱకే పుట్టినవి కావు. అవి మీ యింటి కప్పుమీదనే యున్నవి. నేలమీద నిలిచి కన్నులారా చూచి, తీగ మార్గమును కాగితముపై గీచి, లోపము కనబడినచో పెద్దలకు చెప్పుడు. కాని యెన్నడును మీయంతట మీరు మేడయెక్కి పళ్లెమును త్రిప్పకుడు. బొమ్మ రేపు వచ్చును. పోయిన ప్రాణము రాదు.

మా యింటి డిష్షు నేడు తూర్పు గోడకు క్రిందుగా, కరెంటు తీగకు దూరముగా నున్నది. నిరుటి వానకాలమంతయు బొమ్మ నిలిచినది. అంతకంటె మేలైన సంగతి యొకటి కలదు: ఆకాశము మబ్బు పట్టినప్పుడు మా చిన్నవాని కొఱకు నేనిప్పుడు మేడవైపు తలయెత్తి చూడను.